మా లంక ఒడ్డు ఆకారాలన్నీ కలిపితే మానిఫోల్డ్ అవుతుందా? అయితే ఏ నిర్వచనం ప్రకారం?

లంకపిల్ల · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. మాది కోనసీమలో వశిష్ఠ పాయ మధ్య ఒక లంక. ప్రాజెక్టుకి అనంత పరిమాణ మానిఫోల్డులు తీసుకున్నాను. ఒక్కో పుస్తకంలో ఒక్కో నిర్వచనం ఉంటుందని అప్పుడు తెలియదు. ఒకరు బనాక్ అంటారు, ఒకరు ఫ్రెషే అంటారు, ఇంకొకరిది కన్వీనియెంట్ కాల్కులస్ అట, మరొకాయన అసలు చార్టులే వద్దంటాడు. మా గైడు గారు "ఏదో ఒకటి పట్టుకో అమ్మా" అన్నారు. ఏది పట్టుకోవాలన్నదే నా టెన్షన్.

నాకు తట్టిన ఉదాహరణ మా లంకే. ప్రతి వరద తర్వాత ఒడ్డు మారుతుంది. ఒక పక్క కోత, ఒక పక్క మేట. మా నాన్నకున్న ఎకరం పది సెంట్లలో ముప్పై సెంట్లు ఏట్లో కలిసిపోయింది. కాగితాల్లో మాత్రం ఎకరం పది సెంట్లూ భద్రంగా ఉంది, శిస్తు కూడా దానికే. సరే, అది వేరే గొడవ. ఒడ్డుని తనని తాను దాటుకోని ఒక మూసిన గీత అనుకుంటే, అలాంటి గీతలన్నిటి సమితి మానిఫోల్డ్ అవుతుందా? అందులో ఒక్కో బిందువు ఒక్కో ఒడ్డు.

పంటు_టికెట్టు · రాత్రి 9:20

బీకాం వాడిని, కాబట్టి అడిగేస్తాను. మానిఫోల్డ్ అంటే మోటారుకి ఉండే పైపేనా? మా ఆయిల్ ఇంజనుకి ఒకటుంది.

గొలుసు_కొలత · రాత్రి 9:41

సర్వేలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పైపు కాదు బాబూ, నాకు అర్థమైనంతలో ఇది గ్రామ నక్షాల సంగతి. భూమి గుండ్రంగా ఉన్నా ఒక ఊరి నక్షా బల్లపరుపు కాగితం మీద పడుతుంది. పక్క ఊరిది ఇంకో కాగితం. రెండు ఊళ్ళ హద్దు దగ్గర కొంత మేర రెండు కాగితాల్లోనూ ఉంటుంది, అక్కడ ఈ కాగితంలో చుక్క ఆ కాగితంలో ఎక్కడ పడుతుందో తేడా లేకుండా చెప్పగలగాలి. కాగితం చార్టు, కట్ట మొత్తం అట్లాసు, ఒక కాగితం నుంచి రెండోదానికి వెళ్ళే లెక్క ట్రాన్సిషన్ మ్యాపు. ఆ లెక్కని ఎన్నిసార్లయినా అవకలనం చెయ్యగలిగితే నునుపైన మానిఫోల్డ్ అంటారు.

ఇంతవరకు మా అబ్బాయి చెప్పాడు. అనంత పరిమాణం, అంటే ఒక చుక్క ఎక్కడుందో చెప్పడానికి లెక్కలేనన్ని కొలతలు కావాలి అనేసరికి వాడూ ఆగిపోయాడు, నేనూ ఆగిపోయాను. ఇందులో కాగితం ఏది?

చాక్‌పీసు · రాత్రి 10:35

గొలుసు గారూ, అసలు ప్రశ్న మీరే అడిగేశారు. "కాగితం ఏది" అన్న దగ్గరే నిర్వచనాలన్నీ పాయలుగా చీలిపోతాయి. ధవళేశ్వరం దాకా ఒకటే గోదావరి, ఆ తర్వాత గౌతమి, వశిష్ఠ.

పరిమిత పరిమాణంలో మనకి ఎంపిక లేదు. ఎన్ని నిరూపకాలు కావాలో చెబితే చాలు, హౌస్‌డార్ఫ్ అయ్యేలా, అంటే వేరు వేరు బిందువులు విడిగా నిలిచేలా, ఆ సదిశాంతరాళానికి సరిపడే టోపాలజీ (ఏది దేనికి దగ్గరో చెప్పే పద్ధతి) ఒక్కటే ఉంటుంది. మీరు ఏ నార్మ్ (పొడవు కొలత) తీసుకున్నా దగ్గర అంటే అదే దగ్గర. అనంతంలో అలా కాదు. రెండు ప్రమేయాలు దగ్గరగా ఉన్నాయా అంటే, విలువలు దగ్గరా, వాలు కూడా దగ్గరా, వంపు కూడానా, సగటునా, ప్రతి చోటా? ఒక్కో జవాబుకి ఒక్కో అంతరాళం. బనాక్ మానిఫోల్డ్, హిల్బర్ట్ మానిఫోల్డ్, ఫ్రెషే మానిఫోల్డ్ అనే పేర్లు ఆ కాగితం పేర్లే. తక్కిన నిర్వచనం గొలుసు గారు చెప్పిందే.

అమ్మాయ్, నీ ఉదాహరణ కొత్తదేం కాదు, దిగులు పడకు. 1854లో గాటింగెన్‌లో రీమాన్ ఇచ్చిన ఉపన్యాసంలోనే ఇది ఉంది. స్థానం చెప్పడానికి పరిమిత సంఖ్యలో కొలతలు సరిపోని మానిఫోల్డులూ ఉంటాయని ఆయన ఒక్క మాట అని, ఉదాహరణగా ఒక ప్రాంతంలో సాధ్యమయ్యే ప్రమేయాలనీ, ఒక వస్తువుకి సాధ్యమయ్యే ఆకారాలనీ చెప్పి ముందుకెళ్ళిపోయాడు. నీ లంక ఒడ్డు ఆ రెండో రకం.

చార్టు ఎలా గీయాలో చూడు. ఈ ఏడాది ఒడ్డుని ఆధారంగా పెట్టుకో. దాని వెంట నడుస్తూ ప్రతి చోటా లంబంగా ఎన్ని అడుగులు మేట వేసిందో ప్లస్‌గా, ఎన్ని అడుగులు కోసిందో మైనస్‌గా రాసుకో. వచ్చే ఏటి ఒడ్డు మరీ తేడాగా లేకపోతే, ఈ ఒక్క ప్రమేయం దాన్ని పూర్తిగా చెప్పేస్తుంది. అంటే ఈ ఒడ్డు చుట్టుపక్కల ఉన్న ఒడ్డులన్నీ వృత్తం మీది ప్రమేయాలుగా మారాయి. ఇదే నీ చార్టు. పదేళ్ళ తర్వాత ఒడ్డు బాగా జరిగిపోయాక ఇంకో ఒడ్డుని ఆధారంగా పెట్టుకుంటావు, అది ఇంకో చార్టు.

లంకపిల్ల · రాత్రి 10:50

మాస్టారూ, ప్లస్ మైనస్ అనేసరికి బొమ్మ కళ్ళముందు కనిపించింది. అయితే ఆ ప్రమేయాలు ఎలాంటివి అయ్యుండాలి? అవిచ్ఛిన్నంగా ఉంటే చాలా?

రొయ్యల_గట్టు · రాత్రి 11:15

భీమవరం పక్కన చెరువులు చేస్తున్నాను, ఒకప్పటి బీయస్సీ మేథ్స్. నా సలహా సింపుల్. రెండుసార్లో మూడుసార్లో అవకలజం ఉన్న ప్రమేయాలు తీసుకోండి. వాటికి నార్మ్ ఉంది, సంపూర్ణం కూడా (తమలో తాము దగ్గరవుతూ పోయే వరుసకి అవధి అందులోనే ఉంటుంది), అంటే బనాక్ అంతరాళం. బనాక్‌లో విలోమ ప్రమేయ సిద్ధాంతం (అవకలజాన్ని వెనక్కి తిప్పగలిగితే ఆ చుట్టుపక్కల మ్యాపునీ వెనక్కి తిప్పగలం) పనిచేస్తుంది, అవకలన సమీకరణాలకి పరిష్కారం ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. డిగ్రీలో చదివిందంతా అలాగే నడుస్తుంటే ఫ్రెషే దాకా వెళ్ళి ఇబ్బంది పడడం ఎందుకు?

చాక్‌పీసు · ఉదయం 6:05

రొయ్యల గట్టు గారూ, నేనూ రెండేళ్ళు అదే అనుకున్నాను. గోతి ఎక్కడుందంటే ట్రాన్సిషన్ మ్యాపులో ఉంది.

పాత ఒడ్డు మీది ప్రమేయాన్ని కొత్త ఒడ్డు మీది ప్రమేయంగా మార్చాలి. పాత ఒడ్డు మీద కొబ్బరి చెట్టు దగ్గర గీసిన లంబం, కొత్త ఒడ్డుకి లంబం కాదు. కాబట్టి అదే బిందువు కొత్త లెక్కలో కొంచెం పక్కకి జరిగి పడుతుంది. ఎంత జరుగుతుందన్నది మేట ఎంత ఉందో దాని మీద ఆధారపడుతుంది. అంటే ఒక ప్రమేయం లోపల ఇంకో ప్రమేయాన్ని దూర్చాలి, ఆ లోపలిది కూడా మారుతూ ఉంటుంది. ఎఫ్ ఆఫ్ ఫై అనుకోండి. ఫైని కొద్దిగా కదిపితే ఏమొస్తుంది? గొలుసు సూత్రం ప్రకారం ఎఫ్ అవకలజం బయటికొస్తుంది. ఎఫ్‌కి మూడు అవకలజాలే ఉంటే, ఎఫ్ ప్రైమ్‌కి రెండే మిగులుతాయి. మూడున్న చోట మొదలుపెట్టి రెండున్న చోట తేలాం. చార్టు నుంచి చార్టుకి వెళ్ళే మ్యాపు అవిచ్ఛిన్నంగా ఉంటుంది, కానీ ఆ బనాక్ అంతరాళంలో దానికి అవకలజం లేదు. నునుపైన మానిఫోల్డ్ కాలేదు.

మూడుకి బదులు ముప్పై పెట్టినా ఒకటి పోతూనే ఉంటుంది. ఎన్ని పోయినా తరగనిది అనంతం ఒక్కటే. అందుకే ఎన్నిసార్లయినా అవకలనం చెయ్యగల ప్రమేయాలు తీసుకుంటాం. వాటికి ఒక్క నార్మ్ సరిపోదు. విలువకొకటి, వాలుకొకటి, వంపుకొకటి, ఇలా నార్మ్‌ల వరుసే కావాలి. సంపూర్ణంగా ఉంటే అది ఫ్రెషే అంతరాళం. నీ లంక ఒడ్డులు, అమ్మాయ్, ఫ్రెషే మానిఫోల్డ్.

గీతకి గుర్తులు పెట్టి చూస్తే, అంటే వృత్తం నుంచి తలంలోకి మ్యాపులుగా చూస్తే, బనాక్ బాగానే నడుస్తుంది. గుర్తులు చెరిపేసి ఒట్టి ఆకారమే కావాలన్నప్పుడు వచ్చే చిక్కు ఇది.

గౌతమి_అవతల · ఉదయం 7:30

యానాం దగ్గర మా ఊరు, ప్రస్తుతం బయటి దేశంలో పరిశోధన. మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అయితే ఫ్రెషే వైపు వెళ్తే పోగొట్టుకునేది కూడా చెప్పాలి. రొయ్యల గట్టు గారు మెచ్చుకున్న విలోమ ప్రమేయ సిద్ధాంతం అక్కడ మామూలు రూపంలో పనిచెయ్యదు. ఆయన చెరువు గట్టు మీదే చూపిస్తాను.

గుండ్రటి చెరువు, గట్టు మీద సమాన దూరాల్లో నాలుగు కొబ్బరి చెట్లు. గట్టు నిండా మనుషులు. ఒక నియమం పెడదాం. గంట కొట్టగానే అందరూ గట్టులో నాలుగో వంతు ముందుకి నడవాలి. చెట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కచ్చితంగా అంతే, మధ్యలో ఉన్నవాళ్ళు మాత్రం ఇంకొక్క రవ్వ ఎక్కువ. ఆ రవ్వ చెట్ల దగ్గర నునుపుగా సున్నా అవుతుంది. ఇది గట్టుని గట్టు మీదికి పంపే నునుపైన మార్పు, దాన్ని వెనక్కీ తిప్పగలం.

ఇప్పుడు ప్రశ్న. ఇదే మార్పుని ఒక నిలకడైన ప్రవాహం గంటలో చేసిన పనిగా చూపించగలమా? నిలకడ అంటే గట్టు మీద ఒక్కో చోట ఒక్కో వేగం రాసిపెట్టి ఉంటుంది, గంటలో అది మారదు. ఎవరూ ఉన్నచోటే ఉండిపోలేదు కాబట్టి వేగం ఎక్కడా సున్నా కాదు. అలాంటప్పుడు ఎక్కడ మొదలుపెట్టినా గట్టు చుట్టి రావడానికి అందరికీ పట్టే కాలం ఒక్కటే. చెట్టు దగ్గర మనిషి నాలుగు గంటల్లో తన చెట్టు దగ్గరికి తిరిగొచ్చాడు. అయితే అందరూ నాలుగు గంటలకి తమ తమ చోటికి రావాలి. కానీ మధ్యలో ఉన్నవాడు నాలుగు రవ్వలు ముందుకి పోయాడు. కుదరదు!

రవ్వని ఎంత చిన్నది చేసినా, చెట్లు నాలుగుకి బదులు నాలుగు వేలు పెట్టి అడుగుని ఎంత తగ్గించినా ఇదే గతి. అంటే ఏమీ కదపకపోవడం అనే మార్పుకి ఎంత దగ్గరికి వెళ్ళినా, ఏ ప్రవాహానికీ చిక్కని మార్పులు ఉంటాయి. వేగాల నుంచి మార్పులకి వెళ్ళే ఎక్స్‌పొనెన్షియల్ మ్యాపుకి సున్నా దగ్గర అవకలజం తత్సమం. మామూలు విలోమ ప్రమేయ సిద్ధాంతం నిజమైతే చుట్టుపక్కల మార్పులన్నీ దానికి దొరకాలి. దొరకడం లేదు.

దీనికి విరుగుడు నాష్–మోజర్ సిద్ధాంతం. గేమ్ థియరీకి 1994లో నోబెల్ అందుకున్న నాషే. రీమాన్ మానిఫోల్డుల్ని పొడవులు చెడకుండా యూక్లిడ్ అంతరాళంలో కూర్చోబెట్టే పని కోసం 1956లో ఈ ఉపాయం పట్టాడు. న్యూటన్ పద్ధతిలో ఒక్కో అడుగుకీ కొన్ని అవకలజాలు పోతాయి, అందుకని ప్రతి అడుగులోనూ ప్రమేయాన్ని కాస్త నునుపు చేసుకుంటూ వెళ్ళాలి. న్యూటన్ అడుగులు ఎంత వేగంగా దగ్గరవుతాయంటే ఆ నునుపు వల్ల వచ్చే తప్పుని మింగేస్తాయి. ఫ్రెషే భాషలో దీన్ని చక్కగా రాసిపెట్టినది 1982లో హామిల్టన్ వ్యాసం. లంకపిల్ల చదవాల్సింది అదే, పొడుగు చూసి భయపడకండి.

రొయ్యల_గట్టు · ఉదయం 9:02

చెరువు దగ్గరే ఉన్నాను, ఆయ్! మేత వేసే కుర్రాళ్ళు నలుగురినీ గట్టు మీద నిలబెట్టి ఇద్దర్ని చెట్ల దగ్గర, ఇద్దర్ని మధ్యలో పెట్టి నడిపించాను. నాలుగో విజిలుకి మధ్యవాళ్ళు వాళ్ళ చెప్పులు దాటి ముందుకి పోయారు. బనాక్ మీద నా కేసు వెనక్కి తీసుకుంటున్నాను. కుర్రాళ్ళు మాత్రం టీ డబ్బులు అడిగారు.

బ్యారేజీ_కింద · ఉదయం 10:18

అంత తొందరగా వెనక్కి తీసుకోకండి. హిల్బర్ట్ కాగితం (పొడవుతో పాటు కోణం కూడా కొలవగల బనాక్) మీద గెలిచిన కేసు ఒకటుంది, అదీ మన నీళ్ళదే.

నీళ్ళు నొక్కితే తగ్గవు. ఒక తొట్టిలో నీళ్ళు కదిలాయంటే, ప్రతి చుక్కా ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో చెప్పే, ఘనపరిమాణం చెడని మార్పు అది. ఆ మార్పులన్నీ ఒక అనంత పరిమాణ అంతరాళం. అందులో గతిశక్తిని దూరంగా కొలిస్తే, జిగట లేని నీటికి యూలర్ రాసిన సమీకరణం ఆ అంతరాళంలో దగ్గరి దారుల, అంటే జియోడెసిక్‌ల సమీకరణమే అని 1966లో ఆర్నాల్డ్ చూపించాడు. చూడముచ్చటైన మాట. కానీ పరిష్కారం ఉందని రుజువు చెయ్యాలంటే గౌతమి గారు చెప్పిన ఇబ్బందులన్నీ ఎదురొస్తాయి.

1970లో ఎబిన్, మార్స్‌డెన్ ఏం చేశారంటే, సోబొలెవ్ ప్రమేయాల హిల్బర్ట్ అంతరాళం తీసుకున్నారు. పరిమాణంలో సగానికి ఒకటి కలిపితే వచ్చేదానికంటే ఎక్కువ అవకలజాలు, వర్గాల సగటు లెక్కలో. మూడు పరిమాణాల్లో రెండున్నర దాటాలన్నమాట. ఈ కాగితం మీద మార్పుల గుంపు సరైన లీ గ్రూపు (గుంపు లెక్కలన్నీ నునుపుగా సాగేది) కాదు. కుడివైపు సంయోగం నునుపుగా ఉంటుంది, ఎడమవైపుది ఒట్టి అవిచ్ఛిన్నం. మాస్టారు చెప్పిన అవకలజం దొంగతనమే అది. అయినా రేవులో నిలబడి నీళ్ళని చూడడం మానేసి పడవెక్కి చుక్కతో పాటు పోతూ చూస్తే, సమీకరణంలో పోయే అవకలజం పోకుండా ఆగుతుంది. నునుపైన మామూలు అవకలన సమీకరణం అయిపోతుంది. బీయస్సీలో చదివిన పికార్డ్ పద్ధతితో కొంత కాలం వరకు పరిష్కారం వచ్చేస్తుంది.

విలోమం · మధ్యాహ్నం 12:40

టోపాలజీ వాడిగా ఒక చన్నీళ్ళ బకెట్టు. విడదీయదగిన (లెక్కపెట్టగలిగినన్ని బిందువులతోనే అన్నిటికీ దగ్గరగా చేరగల) అనంత పరిమాణ ఫ్రెషే అంతరాళాలన్నీ హిల్బర్ట్ అంతరాళంతో హోమియోమార్ఫిక్ (చింపకుండా, అతికించకుండా ఒకదాన్ని ఇంకోటిగా మార్చగలం) అని 1966 నాటికి కాడెట్స్, ఆండర్సన్ తేల్చేశారు. అంటే అవకలనం మాట ఎత్తకపోతే మీ బనాక్, ఫ్రెషే, హిల్బర్ట్ కాగితాలన్నీ ఒకే కాగితం. ఇంకా ఉంది. 1969లో హెండర్సన్ చూపించిందేమిటంటే, అలాంటి విడదీయదగిన మానిఫోల్డ్ ఏదైనా హిల్బర్ట్ అంతరాళంలో ఒక వివృత సమితే (అంచు కలుపుకోని ముక్క). మొత్తం అట్లాసుకి ఒక్క చార్టు చాలు! గోళం ఉపరితలానికి ఒక్క నక్షా చాలదని చిన్నప్పటి నుంచి చెప్పుకుంటాం కదా, హిల్బర్ట్ అంతరాళంలో ఏకాంక గోళానికి అదీ చాలు.

పంటు_టికెట్టు · మధ్యాహ్నం 12:55

మరైతే రాత్రి నుంచి ఇంతమంది చేస్తున్నదేమిటి? ఒక్క కాగితం చాలదా?

చాక్‌పీసు · సాయంత్రం 4:20

చాలదు బాబూ. ఆ ఒక్క కాగితం ఉందని తెలుసు, కానీ దాని మీద నీ లంక ఒడ్డు ఎక్కడ పడుతుందో ఎవరూ గీసి ఇవ్వలేరు. పైగా ఆ హోమియోమార్ఫిజం వాలునీ వంపునీ ఖాతరు చెయ్యదు. విలోమం గారి బకెట్టు వల్ల నాకు ఒకటి తేటపడింది. ఈ నిర్వచనాల మధ్య తగువంతా అవకలనం ఎలా చెయ్యాలన్నదాని గురించే. ఆకారం గురించి తగువే లేదు.

గౌతమి_అవతల · సాయంత్రం 5:45

సరిగ్గా అక్కడి నుంచే కన్వీనియెంట్ వాళ్ళు మొదలుపెట్టారు. అవకలనానికి కొత్త టోపాలజీ వెతుక్కోవడం ఎందుకు, నునుపైన బాటలు చాలవా అన్నారు. ఒక అంతరాళంలో నునుపైన బాట అంటే ఏమిటో అందరికీ ఒప్పుదలే, ఒక్క చలరాశే కాబట్టి. ఇక మ్యాపు నునుపుగా ఉందంటే నునుపైన ప్రతి బాటనీ నునుపైన బాటగానే మార్చాలి. అంతే నిర్వచనం. పరిమిత పరిమాణంలో ఇది మామూలు నిర్వచనంతో కచ్చితంగా ఏకీభవిస్తుందని 1967లో బోమన్ రుజువు చేశాడు. దీని మీద ఫ్రోలిషర్, క్రీగల్, మిషోర్ పెద్ద కట్టడమే కట్టారు, క్రీగల్–మిషోర్ పుస్తకం 1997లో వచ్చింది. లాభం ఏమిటంటే, ప్రమేయాల ప్రమేయాలు, వాటి ప్రమేయాలు అని ఎంత దూరం వెళ్ళినా లెక్క తెగదు.

విలోమం · సాయంత్రం 6:10

ధర కూడా చెప్పండి మరి. ఫ్రెషే దాకా మీ నిర్వచనం, బాస్టియానీ 1964లో ఇచ్చిన నిర్వచనం ఒకటే. దాటితే? ఒక అంతరాళంలోని సదిశనీ, దాని డ్యూయల్‌లోని రేఖీయ ప్రమేయాన్నీ తీసుకుని విలువ కట్టడం అనే పని ఉంది చూడండి, ఇంతకంటే అమాయకమైన పని గణితంలో లేదు. అంతరాళానికి నార్మ్ లేకపోతే అది రెంటిలోనూ కలిపి అవిచ్ఛిన్నం కాదు. మీ లెక్కలో మాత్రం నునుపు. అవిచ్ఛిన్నం కాని నునుపు! మా గురువు గారు వింటే చాక్‌పీసు విసిరేవారు.

గౌతమి_అవతల · సాయంత్రం 6:25

విసరనివ్వండి. ఆ అంతరాళం మీద బాటలకి తగిన టోపాలజీ వేరే ఉంది, అందులో అవిచ్ఛిన్నమే. ఫ్రెషేకి రెండు టోపాలజీలూ ఒకటే కాబట్టి లంకపిల్లకి ఈ పోట్లాటతో పని లేదు.

లంకపిల్ల · రాత్రి 8:05

పోట్లాట బాగుంది, ఆపకండి. ఒక అనుమానం. పెద్ద వరద వచ్చినప్పుడు లంక మధ్యలోంచి ఏరు పారి రెండు లంకలైపోతుంది. ఒక గీత రెండు గీతలవుతుంది. మధ్యలో ఒక్క క్షణం ఎనిమిది అంకెలా ఉంటుంది. ఆ క్షణానికి చార్టు ఏది?

విలోమం · రాత్రి 8:40

ఉండదు. ఎనిమిది అంకెలో కలిసే చోట లంబమే లేదు. ఆ ఒడ్డు మీ మానిఫోల్డ్‌లో బిందువు కాదు.

చార్టులే వద్దన్నాయన ఎవరో మొదటి పోస్టులో అన్నారే, ఆయన పనికొచ్చేది ఇక్కడే. సూరియో అనే ఫ్రెంచి గణితవేత్త 1980 ప్రాంతంలో డిఫియాలజీ అని పెట్టాడు. చార్టు అంటే మానిఫోల్డ్ నుంచి కాగితానికి వెళ్ళాలి, అది తిరిగి రావాలి. ఈయన ఒకవైపు దారే అడుగుతాడు. యూక్లిడ్ అంతరాళంలోని వివృత ముక్కల నుంచి మీ సమితిలోకి వచ్చే మ్యాపుల్లో ఏవి నునుపో ఒక జాబితా ఇవ్వండి, మూడు చిన్న షరతులు తీర్చండి, చాలు. ఏ సమితికైనా ఇది కుదురుతుంది, ఎనిమిది అంకె ఉన్నా సరే. ఫ్రెషే మానిఫోల్డులన్నీ అందులో ఏమీ పోగొట్టుకోకుండా ఇమిడిపోతాయి. అన్నీ ఇమిడే సంచిలో ఏదీ గట్టిగా నిలబడదన్నది నా అభిప్రాయం. విలోమ ప్రమేయ సిద్ధాంతం అక్కడ ఎవరూ అడగరు కూడా.

చాక్‌పీసు · రాత్రి 9:30

ఒక పక్క మాట. ఈ విషయంలో మన తెలుగు చెయ్యి కూడా ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1945 వ్యాసంలో సంభావ్యతా విభజనల మధ్య దూరం కొలవడానికి ఫిషర్ సమాచారాన్ని (గమనించిన దత్తాంశం పరామితి గురించి ఎంత చెబుతుందో కొలిచేది) రీమాన్ మెట్రిక్‌గా వాడారు. అప్పుడది పరిమిత పరిమాణమే, రెండో మూడో పరామితులు. అన్ని విభజనలనీ ఒకేసారి తీసుకుంటే అనంతం అవుతుంది, మళ్ళీ "కాగితం ఏది" అన్న ప్రశ్నే. 1995లో పిస్టోనె, సెంపి ఓర్లిట్జ్ అంతరాళాలు అనే ఒక రకం బనాక్ అంతరాళాల మీద బనాక్ మానిఫోల్డ్ కట్టారు. నునుపైన సాంద్రతలు తీసుకుని ఫ్రెషే వైపు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి దక్కిన ఫలితం ముచ్చటైనది. పరిమాణం ఒకటి దాటిన సంహత (కాంపాక్ట్) మానిఫోల్డ్ మీద, నిరూపకాల మార్పులకి చెదరని మెట్రిక్ రావు గారిది ఒక్కటే, ఒక గుణకం తేడాతో. 2016లో అచ్చయింది.

గొలుసు_కొలత · రాత్రి 9:52

దూరం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఒడ్డు ఎంత జరిగిందో ఒక్క అంకెలో చెప్పాలంటే? మేము చైన్లలో చెప్పేవాళ్ళం, చైను 66 అడుగులు. మీ మానిఫోల్డ్‌లో రెండు ఒడ్డుల మధ్య దూరం ఎంత?

గౌతమి_అవతల · రాత్రి 11:20

గొలుసు గారూ, కూర్చుని చదవండి. తేలిగ్గా తట్టే కొలత ఇది. ఒడ్డు జరుగుతున్నప్పుడు ప్రతి చోటా లంబ వేగాన్ని వర్గం చేసి ఒడ్డు పొడవునా కూడాలి, వర్గమూలం తియ్యాలి, కాలం పొడవునా కలపాలి. ఏ దారిలో తక్కువ వస్తే అది దూరం. సహజంగానే ఉంది కదా? 2005, 2006 వ్యాసాల్లో మిషోర్, మమ్‌ఫర్డ్ చూపించిందేమిటంటే, ఈ కొలతలో ఏ రెండు ఒడ్డుల మధ్యనైనా దూరం సున్నా.

ఎలాగో చిన్న లెక్క. ఒడ్డు తిన్నగా ఒక చైను జరగాలి. తిన్నగా జరపకుండా ముందు రంపం పళ్ళలా చేసి జరపండి. పంటి వాలు ఎమ్ అనుకుంటే ఒడ్డు పొడవు సుమారు ఎమ్ రెట్లు పెరుగుతుంది. కానీ పంటి పక్కలు నిలువుగా ఉంటాయి కాబట్టి ముందుకి జరిగినా లంబ దిశలో వేగం ఎమ్‌లో ఒకటో వంతే. వర్గం చేస్తే ఎమ్ వర్గంలో ఒకటో వంతు, పొడవుతో గుణిస్తే ఎమ్‌లో ఒకటో వంతు. పళ్ళు ఎంత సన్నగా చేస్తే ఖర్చు అంత తక్కువ, అవధిలో సున్నా. పళ్ళు మొలిపించే ఖర్చూ ఇలాగే కరిగిపోతుంది.

పరిమిత పరిమాణంలో రీమాన్ మెట్రిక్ ఎప్పుడూ ఇంత దగా చెయ్యదు. అక్కడ వేరు వేరు బిందువుల మధ్య దూరం సున్నా అవ్వనే అవ్వదు. ఇక్కడ మెట్రిక్ ఇచ్చే టోపాలజీ, ఫ్రెషే కాగితం టోపాలజీ కంటే బలహీనమైనది. విరుగుడేమిటంటే, కొలతలో వంపు వర్గాన్ని కూడా చేర్చాలి. పళ్ళ మొనల దగ్గర వంపు విపరీతం కాబట్టి రంపం ఖరీదైపోతుంది, దూరం నిజమైన దూరం అవుతుంది.

గొలుసు_కొలత · రాత్రి 11:34

దూరం సున్నా, ముప్పై సెంట్లు ఏట్లో. మొదటి పోస్టులో అమ్మాయి చెప్పిన కాగితాలు రాసినవాళ్ళు ఈ కొలతే వాడినట్టున్నారు.

పంటు_టికెట్టు · రాత్రి 11:36

ఇదొక్కటి మాత్రం పూర్తిగా అర్థమైంది సార్.

లంకపిల్ల · మర్నాడు సాయంత్రం 5:10

అందరికీ చాలా థాంక్స్. గైడు గారితో మాట్లాడాను. ప్రాజెక్టు ఫ్రెషే మీదే. ఆకారాలకి ఎందుకు బనాక్ చాలదో మొదటి అధ్యాయం, గట్టు మీద నాలుగు చెట్ల లెక్క రెండోది, రంపం పళ్ళు మూడోది. ఎబిన్–మార్స్‌డెన్ గురించి ఒక పేజీ. డిఫియాలజీ ఎనిమిది అంకె కోసం ఒక పేరా, విలోమం గారు కోప్పడకండి.

మాస్టారు చెప్పిన గోతిని చేత్తో తవ్వి చూశాను. ఆధారాలుగా రెండు వృత్తాలు, రెండిటి వ్యాసార్థం ఒకటి, రెండోదాని కేంద్రం కొంచెం పక్కకి. మొదటి వృత్తం మీద కోణం దగ్గర మేట ఎఫ్. ఆ బిందువు రెండో కేంద్రం నుంచి ఏ కోణంలో కనిపిస్తుందో అది ఫై, ఎంత దూరమో అందులోంచి ఒకటి తీసేస్తే జి. కొత్త ప్రమేయం జి ఆఫ్ ఫై విలోమం, దాన్ని క్యాపిటల్ జి అన్నాను. ఎఫ్‌ని హెచ్ దిశలో కదిపితే జిలో వచ్చే మార్పు, అందులోంచి క్యాపిటల్ జి అవకలజం ఆఫ్ ఫై ఇంటూ ఫైలో వచ్చే మార్పు తీసెయ్యాలి. అదే జవాబు. అదిగో ఆ క్యాపిటల్ జి అవకలజం, ఒక మెట్టు దిగిపోయింది! మూడు అవకలజాలతో మొదలుపెడితే రెండే మిగిలాయి.

చాక్‌పీసు · సాయంత్రం 5:48

బాగా చేశావు అమ్మాయ్. అయితే ఆఖరి వరుసలో వచ్చిన మొత్తం ఇంకా పాత వృత్తం కోణంలోనే ఉంది. చివర మళ్ళీ ఫై విలోమంతో సంయోగం చెయ్యాలి, అది రాయలేదు. మెట్టు దిగడంలో మార్పేమీ రాదు గానీ, వైవాలో అడుగుతారు.

లంకపిల్ల · సాయంత్రం 5:55

అవును మాస్టారూ, వదిలేశాను. ఇప్పుడే సరిచేశాను.